మొగులు దాటి చూసే రాడార్‌కు లెక్క ఇచ్చిన డాప్లర్

వానకాలం పొద్దుగాల ఆరు గంటలు. ఇంటి ముందట బర్రెకు పాలు పిండే యాళ్ల. సుమారు గా టైంకే మన నెత్తి మీదికెల్లి సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహం పోతది. రోజూ పోదు, పన్నెండు దినాలకోపారి పాత బాట మీదికి మళ్లొస్తది. యూరప్ దేశాలు కలిసి పంపిన ఉపగ్రహం అది. 693 కిలోమీటర్ల ఎత్తుల, సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల ఉరుకుడు. కింద నాలుగు దినాల సంది ముసురు పట్టి ఉన్నా దానికి ఫికర్ లేదు. గసొంటియి మనకు సుత ఉన్నయ్. 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుంచి రీశాట్-1 పోయింది, 2022 ఫిబ్రవరి 14న ఈవోఎస్-04 పోయింది, 2025 జులై 30న అమెరికా నాసా, మన ఇస్రో కలిసి చేసిన నైసార్ పోయింది.

కెమెరా ఉన్న ఉపగ్రహానికి ఎండ కావాలె, మొగులు ఉండొద్దు. వానకాలంల మనకు ఆ రెండూ కుదరవు. వరి నాట్లు పడేదీ, చెర్వు కట్ట తెగేదీ, వాగు పొంగి పొలాలు మునిగేదీ మొగులున్న దినాలల్లనే కదా. రాడార్ కథ వేరు. అది తన అలలు తానే పంపుతది, అవి నేలకు తాకి వాపస్ వస్తే తానే ఇంటది. నిలిచిన నీళ్లు అద్దం లెక్క అలలను అవతలి దిక్కు తోలేస్తయి, అందుకే బొమ్మల నల్లగ కనవడ్తయి. వరి పిలకలేసి గుబురైతున్న కొద్దీ వాపస్ వచ్చే అలలు ఎక్కువైతయి, పొలం తెల్లవడ్తది. నాటు పడ్డ మడి ఏది, పడనిది ఏది, ఎన్ని ఎకరాలు మునిగినయ్ అనేది ఈ నలుపు తెలుపుల నుంచే తీస్తరు.

రాకెట్ ఎగిరిన నాడు మనం వాట్సాప్ స్టేటస్‌లు పెడ్తం. మంచిదే. గని రాకెట్ పని ఇరవై నిమిషాలల్ల ఒడుస్తది. తర్వాత ఏండ్లకేండ్లు ఆ ఉపగ్రహాన్ని నడుపుడు ఉన్నది చూడు, దాని గురించి ఎవలూ మాట్లాడరు. ఆ పనిల పొద్దున లేస్తే మెదిలే పేరు ఒకటున్నది. డాప్లర్. దవాఖానల స్కానింగ్ కాడ సుత మీరు ఆ పేరు ఇనే ఉంటరు. అది మిషను పేరు కాదు, కంపెనీ పేరు కాదు, ఒక మనిషి ఇంటిపేరు. ఆయన 1853లనే కాలం చేసిండు. ఆయన బతికిన నాడు కరెంటు బుగ్గ ఊర్లల్లకు రాలేదు, ఇమానం పుట్టలేదు. రేడియో అలలు నిజంగ ఉన్నయని హెర్ట్జ్ ప్రయోగం చేసి చూపెట్టింది సుత ఈయన పోయి ముప్ఫై ఏండ్లు దాటినంకనే. మరి రాడార్ ఉపగ్రహాల కాడ ఈయన పేరెందుకు ఇనవడ్తది? అది తెల్వాలంటె ముందుగాల ఆయన బతుకు తెల్వాలె.

క్రిస్టియన్ ఆండ్రియాస్ డాప్లర్ 1803 నవంబర్ 29న, ఇప్పటి ఆస్ట్రియాల ఉన్న సాల్జ్‌బర్గ్ పట్నంల పుట్టిండు. మస్తు పుస్తకాలల్ల జోహాన్ క్రిస్టియన్ అని రాసి ఉంటది గని చర్చి రిజిస్టర్ల ఉన్నది క్రిస్టియన్ ఆండ్రియాసే. మన టెన్త్ మెమోల పేరు తప్పు పడితె ఎంత తిప్పలైతదో మనకెరికే. ఆయనకు పోయినంక పడ్డది, ఇప్పటికీ పూర్తిగ పోలేదు.

ఇంటోళ్లది రాయి చెక్కే పని. తాత ముత్తాతల కాలం సంది అదే. తండ్రి పేరున్న మేస్త్రి. కొడుకు సుత సుత్తె, ఉలి పట్టాలె. గని పిలగాని పానం మంచిగుండకపోయేది. బండ లేపే రెక్క కాదు. మన దిక్కు సుత నాగలి పట్టే తాకతు లేదని ఒక కొడుకును సదువుకు తోలుతరు చూడు, గట్లనే అయింది. ఇక్కడ ఒక సారు ఆదుకున్నడు. సాల్జ్‌బర్గ్‌ల లెక్కలు చెప్పే సైమన్ స్టాంఫర్, ఈ పిలగాన్ని వియన్నా పాలిటెక్నిక్‌కు పంపుమని తండ్రికి నచ్చజెప్పిండు. 1822ల పోయిండు, మూడేండ్లు సదివిండు, మళ్ల ఇంటికొచ్చి మిగిలిన సదువు పూర్తి చేసుకున్నడు, మళ్ల వియన్నా పోయి యూనివర్సిటీల లెక్కలు, మెకానిక్స్, నక్షత్రాల శాస్త్రం సదివిండు. 1829 నుంచి 1833 దాంక ఒక ప్రొఫెసర్ కింద అసిస్టెంట్ నౌకరి. కాంట్రాక్టు. నాలుగేండ్లకు ఒడిసింది.

ముప్ఫై ఏండ్ల వయసు. పెండ్లి కాలేదు, కొలువు లేదు.

ఆ కాలంల ఆస్ట్రియా రాజ్యంల సర్కారు సార్ల కొలువులకు పోటీ పరీక్షలు ఉండేటియి. ఒక్క ఖాళీ వడితె ఎంతోమంది వచ్చి రాసేటోళ్లు. కాయితం మీద పరీక్ష, తర్వాత పాఠం చెప్పి చూపెట్టే పరీక్ష. ఫలితం ఎప్పుడొస్తదో ఎవలకూ తెల్వది. డాప్లర్ ఈ బడికి, ఆ బడికి, ఈ పట్నానికి, ఆ పట్నానికి దరఖాస్తులు పెట్టుకుంట పోయిండు. ఏదీ రాలేదు. చివరికి కడుపు నింపుకునేటందుకు పత్తి నూలు వడికే మిల్లుల లెక్కలు రాసే పనికి కుదిరిండు. ఏడాదిన్నర చేసిండు. యూనివర్సిటీల గ్రహాల బాటలు లెక్కగట్టినోడు మిల్లుల బేళ్ల లెక్క రాసుకుంట కూసున్నడు.

ఈ ముక్క రాస్తుంటే నాకు మా మండలం లైబ్రరీల కూసునే పోరగాండ్లు యాదికొస్తున్నరు. నోటిఫికేషన్ రాలేదని ఒకడు, వచ్చిన పరీక్ష ఆగిందని ఒకడు, నడిమిట్ల డెలివరీ పనికి పోయేటోడు ఒకడు. పోలిక కోసం గుంజి చెప్తలేను. 1830లల్ల వియన్నా సుట్టుపక్కల జరిగింది అచ్చం ఇదే.

1835ల డాప్లర్ ఇగ ఇక్కడ బతుకు లేదని తేల్చుకున్నడు. అమెరికా పోదామనుకున్నడు. ఉన్న సామానంత అమ్మేసిండు. మ్యూనిక్ దాంక పోయి అమెరికా కాన్సల్‌ను కలిసిండు. గప్పుడు వచ్చింది ప్రాగ్ నుంచి పిలుపు. ఒక టెక్నికల్ బడిల లెక్కలు చెప్పే కొలువు. పెద్ద కొలువేం కాదు. అయినా పోయిండు. ఏడాదికి సాల్జ్‌బర్గ్ కంసాలాయన బిడ్డ మథిల్డెను పెండ్లి చేసుకున్నడు, తర్వాత అయిదుగురు పిల్లలు. ప్రాగ్ పాలిటెక్నిక్‌ల పూర్తి ప్రొఫెసర్ అయ్యేసరికి 1841 వచ్చింది. వందల మంది పిల్లగాండ్లకు పరీక్షలు పెట్టుడు, కాయితాలు దిద్దుడు, నోటి ప్రశ్నలు అడుగుడు. ఎన్కట సంది సక్కగ లేని పానం, ఊపిరితిత్తులు ఇంకింత పాడైనయ్.

గా అలసటల నుంచే 1842 మే 25 వచ్చింది. ప్రాగ్‌ల బొహీమియా రాజ శాస్త్ర సంఘం మీటింగుల డాప్లర్ ఒక వ్యాసం చదివిండు. ఇన్నోళ్లు కొద్దిమందే. ముచ్చట జంట నక్షత్రాల రంగుల గురించి. ఒకదాని సుట్టు ఒకటి తిరిగే నక్షత్రాలు కొన్ని ఎర్రగ, కొన్ని నీలంగ ఎందుకు కనవడ్తయి అనేది ఆయన అడుగుకున్న ప్రశ్న.

ఆయన చెప్పిన పోలిక సముద్రం మీది ఓడది. అలలకు ఎదురు పోయే ఓడకు నిమిషానికి ఎక్కువ అలలు తాకుతయి. అలలు పోయే దిక్కే పోయే ఓడకు తక్కువ తాకుతయి. అలలు మారలేదు, సముద్రం మారలేదు, ఓడ నడక మారింది అంతే. గిదే లెక్క చప్పుడుకు, వెలుతురుకు సుత వర్తిస్తదని ఆయన అన్నడు. దగ్గరికొస్తున్నదాని అలలు కుదించుకొని ఎక్కువ సార్లు తాకుతయి, దూరం పోతున్నదాని అలలు సాగి తక్కువ సార్లు తాకుతయి. మనకు సముద్రం లేకున్నా బస్టాండున్నది. హారన్ కొట్టుకుంట వచ్చే బస్సు మనల్ని దాటంగనే దాని స్వరం ఒక్కసారి దిగిపోతది చూడు, అదే ఇది. డ్రైవర్ హారన్ మార్చలేదు, బస్సు దగ్గరికొచ్చుడు ఆగి దూరం పోవుడు మొదలైంది.

ఇక్కడ ఒక మాట దాచొద్దు. లెక్క కరెక్టు, గని ఏ నక్షత్రాల కోసం ఆ లెక్క చేసిండో అక్కడ ఆయన తప్పు. నక్షత్రాలన్నీ అసలుకు తెల్లగనే ఉంటయి, నడకతోనే రంగులు వస్తయి అనుకున్నడు. కాదు. నక్షత్రం రంగు దాని వేడి తోటి వస్తది. నడకతోని వచ్చే తేడా కంటికి రంగు మారినట్టు కనవడేంత ఉండదు. అంటే ఆయన ఏ ముచ్చటను మీటింగుల ముందుకు తెచ్చిండో అది నిలవలేదు, దాని కోసం తయారు చేసుకున్న పనిముట్టు నిలిచింది. మా నాయన చెక్క నాగలి కోసం కొన్న బాడిసె యాదికొస్తది నాకు. నాగలి పోయింది, బాడిసె ఇంకా ఇంట్ల పని చేస్తున్నది.

ఈ లెక్కను పరీక్ష పెట్టి చూసింది హాలెండ్ సైంటిస్టు బాయిస్ బాలో. అది 1845. ఉట్రెక్ట్ కాడ కొత్తగ పడ్డ రైలు పట్టాల మీద ఇంజన్‌కు తెరిచిన డబ్బా ఒకటి తగిలించి, దాంట్ల బూరలూదేటోళ్లను కూసోబెట్టిండు. పట్టాల పక్కన స్వరం పక్కాగ పట్టగల్గే సంగీతగాళ్లను నిలబెట్టిండు. ఫిబ్రవరిల మంచు తుఫాను వచ్చి పని చెడింది. జూన్‌ల మళ్ల పెట్టిండు. రైలు వచ్చుకుంట ఒక స్వరం, పోవుకుంట దానికన్నా కిందికి దిగిన స్వరం. డాప్లర్ చెప్పినట్టే అయింది. తమాషా ఏందంటె, డాప్లర్ చెప్పిన నక్షత్రాల రంగుల ముచ్చట తప్పు అని బాయిస్ బాలో సుత రాసిండు. తప్పు పడ్తనే లెక్కను నిలబెట్టిండు.

ఇగ ఆ బూరల రైలు నుంచి 693 కిలోమీటర్ల పైకి పోదాం.

సెంటినెల్-1 యాంటెనా పొడుగు 12.3 మీటర్లు. అది పంపే అల పొడుగు అయిదున్నర సెంటీమీటర్లు, మన ఏలు ఎడల్పుకు మూడింతలు అనుకో. గంత దూరం నుంచి ఆ అలలు నేల మీద పడేసరికి, ఉపగ్రహం పోయే దిక్కుల సుమారు నాలుగు కిలోమీటర్ల దాంక పరుచుకుంటయి. వాపస్ వచ్చిన చప్పుడు ఆ నాలుగు కిలోమీటర్లల్ల ఏ పొలం నుంచి వచ్చిందో ఎట్ల తెల్వాలె? అన్నీ కలిసి ఒకటే గందరగోళం. మామూలు పద్ధతిల 20 మీటర్ల ముక్క విడిగ కనవడాలంటె యాంటెనా పొడుగు రెండు కిలోమీటర్లకు పైన ఉండాలె. గసొంటిది పైకి ఎవడు మోస్తడు?

1951ల అమెరికాల గుడ్‌ఇయర్ విమానాల కంపెనీల పనిచేసే కార్ల్ వైలీ అనే ఇంజనీరుకు డాప్లర్ లెక్క తోటి బాట దొరికింది. ఉపగ్రహం ఉరుకుతుంటది కదా, ముందటున్న పొలానికి అది దగ్గరికొస్తున్నట్టు, కాబట్టి గా పొలం నుంచి వచ్చే అలలు జర కుదించుకొని వస్తయి. ఎన్కకు పోయిన పొలం నుంచి జర సాగి వస్తయి. సరిగ్గ పక్కనున్న పొలం నుంచి తేడా లేకుండ వస్తయి. గందరగోళంగ వచ్చిన చప్పుడును స్వరం ప్రకారం వేరు చేస్తె ఏ ముక్క ఏ పొలానిదో తేలిపోతది. సంతల పది మంది ఒకేసారి ఒర్రుతుంటె గొంతును బట్టి ఎవలెక్కడున్నరో గుర్తుపట్టినట్టు. ఉపగ్రహం ఉరికే దూరమే పొడుగు యాంటెనా అయి కూసుంటది.

తేడా ఎంతుంటదో ఇనుండ్రి. ఈ రాడార్ అలలు సెకనుకు 540 కోట్ల సార్లు ఊగుతయి. పొలం నుంచి పొలానికి వచ్చే తేడా అందుల కొన్ని వందలే. 540 కోట్లల్ల కొన్ని వందలు! అందుకే ఉపగ్రహంల ఉండే గడియారం అసలు తొణకొద్దు. అది జర తప్పితె పొలాలు ఒకదాంట్ల ఒకటి కలిసిపోతయి, బొమ్మ మసకవారుతది.

మొదటి సివిల్ రాడార్ ఉపగ్రహం సీశాట్ 1978 జూన్‌ల పోయింది, మూడు నెలలు దాటంగనే కరెంటు షార్ట్ అయి ఆగింది. గా మూడు నెలల బొమ్మలే తర్వాతి ఉపగ్రహాలన్నిటికీ తొవ్వ వేసినయ్.

నడిపేటోళ్ల రోజువారీ తిప్పలు వేరు. భూమి ఊకె నిలబడదు కదా, తిరుగుతది. మన తెలంగాణ నేల, దాని మీదున్న మనం, మన బర్రెలు, అన్నీ కలిసి సెకనుకు 440 మీటర్ల పైన తూర్పు దిక్కు ఉరుకుతనే ఉన్నం. మనకు తెల్వది గని రాడార్‌కు తెలుస్తది. సరిగ్గ పక్కనున్న పొలం సుత దగ్గరికొస్తున్నట్టో, దూరం పోతున్నట్టో లెక్క వస్తది. అందుకని ఉపగ్రహాన్ని పోతున్న బాటల నుంచి కొద్దిగ పక్కకు తిప్పి పట్టి, ఆ తేడా సున్నా అయ్యేటట్టు నడుపుతరు. ఒక్క చుట్టుల ఆ తిప్పుడు ఎప్పుడూ మారుకుంటనే ఉంటది, భూమధ్యరేఖ కాడ ఎక్కువ, ధ్రువాల దిక్కు తక్కువ. ఇంకా బాట తప్పకుండ చూసుకోవాలె. సెంటినెల్-1ను సుమారు వంద మీటర్ల ఎడల్పున్న గొట్టంల పోతున్నట్టు నడుపుతరు, జర్మనీల డార్మ్‌స్టాట్ పట్నం నుంచి. మన ఈవోఎస్-04ను బెంగుళూరు నుంచి చూసుకుంటరు.

కరెంటు తిప్పలు సుత ఉన్నయ్. రాడార్ తన వెలుతురు తానే మోసుకుపోయే బాటసారి లెక్క, బ్యాటరీ ఊకె ఒడుస్తది. సెంటినెల్-1 వంద నిమిషాల చుట్టుల ఎక్కువల ఎక్కువ ఇరవై అయిదు నిమిషాలే బొమ్మలు తీయగల్గుతది. ఎక్కడ స్విచ్ ఎయ్యాలె, ఎక్కడ బంద్ పెట్టాలె అనేది ముందుగాలనే రాసి పంపాలె. ఎవల పొలం మీద స్విచ్ ఎయ్యాల్నో తేల్చుడు సుత ఒక నిర్ణయమే.

షాద్‌నగర్ తొవ్వల పోయినోళ్లు పెద్ద పెద్ద తెల్ల గొడుగుల లెక్క యాంటెనాలు చూసే ఉంటరు. జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్లవి. ఉపగ్రహం ఆకాశం అంచున లేసిన కాడి నుంచి మళ్ల మునిగే దాంక పది నిమిషాలు, ఎక్కువంటె ఇంకో రెండు. గా టైంలనే తీసిన బొమ్మలు దించుకోవాలె. అది వచ్చుకుంట ఒక ఫ్రీక్వెన్సీల, పోవుకుంట ఇంకో ఫ్రీక్వెన్సీల ఇనవడ్తది. రేడియో స్టేషన్ జరుగుతున్నట్టు రిసీవర్ సుత దాని ఎన్క జరగాలె. ఉట్రెక్ట్ కాడ పట్టాల పక్కన నిలబడ్డ సంగీతగాళ్లు చేసిన పనే షాద్‌నగర్ల మిషన్లు చేస్తున్నయ్. ఉపగ్రహం ఎంత జోరు పోతున్నదో, ఎక్కడున్నదో పట్టుకునేటందుకు సుత ఈ స్వరం తేడానే వాడ్తరు.

రైలు ముచ్చట ఇంకోటున్నది, నాకు మస్తు నచ్చుతది. రాడార్ బొమ్మలల్ల ఉరికే రైలు పట్టాల మీద కనవడదు. పట్టాలను ఇడిసి కిలోమీటర్ దాటి పొలాలల్ల పోతున్నట్టు కనవడ్తది. ఎందుకంటె రాడార్ స్వరాన్ని బట్టి జాగ తేలుస్తది. రైలు తన సొంత నడక తోటి స్వరం మార్చింది, రాడార్ దాన్ని వేరే జాగల పెట్టింది. సముద్రంల పోయే ఓడ సుత అంతే, దాని ఎన్క నీళ్లల్ల పడ్డ గీత ఒక కాడ, ఓడ ఒక కాడ. బూరల రైలు నూట ముప్ఫై ఏండ్లకు పట్టాలు తప్పినట్టయింది. తెలిసినోళ్లు ఎంత పక్కకు జరిగిందో చూసి రైలు ఎంత జోరు పోతున్నదో లెక్క తీస్తరు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి. సెంటినెల్-1 బొమ్మలు పైసల్లేకుండ ఎవలైనా దించుకోవచ్చు. ఇంటర్నెట్టున్న ఊర్ల పోరడు ఎవడైనా తన మండలం బొమ్మ, తారీఖు తోటి, తెరిచి చూడొచ్చు. వాగు పొంగినంక పంట నష్టం రాసుకునే కాడ నీళ్లు నిలిచినయా లేదా అనే పంచాయితి ప్రతి ఊర్ల ఉంటది. గా పంచాయితిల ఈ నల్ల మచ్చ ఒక సాక్ష్యం. గని సాక్ష్యాన్ని సదవడం రావాలె. ఉపగ్రహం పన్నెండు దినాలకోపారి వస్తది, నడిమిట్ల వచ్చి దిగిపోయిన వరద దానికి కనవడదు. బొమ్మల లేదు కాబట్టి మునగలేదు అని ఎవలన్నా అంటె అది సుత తప్పే. ఎదిగిన వరి కింద నీళ్లుంటె నల్లగ కనవడకపోవచ్చు. 2021 డిసెంబర్‌ల సెంటినెల్-1బీ రాడార్‌కు కరెంటు అందుడు ఆగి అది మూలకు పడ్డది, దాని జాగల ఇంకోటి పోయేసరికి 2024 డిసెంబర్ వచ్చింది. ఇయన్నీ తెలిసిన మనిషి ఊర్ల ఒక్కరున్నా రైతు ముందట ఎవలూ కంప్యూటర్ చూపెట్టి దబాయించలేరు. అధికారుల తోటి మాట్లాడేటోడు కావాలె అంటం గని, వాళ్ల మ్యాపు తోటి మాట్లాడేటోడు సుత కావాలె.

సరే, డాప్లర్ కాడికొద్దాం.

బూరల రైలు నడుస్తున్న రోజులల్ల ప్రాగ్‌ల ఆయన హాలత్ మంచిగ లేకుండె. పరీక్షలు మరీ కడక్‌గ పెడ్తున్నడని పిల్లగాండ్లు ఫిర్యాదు చేసిన్రు, మీదోళ్లు విచారణ పెట్టిన్రు. పానం బాగలేక చానా దినాలు సెలవుల ఉన్నడు. 1846ల తిరిగి పనికొచ్చిండు. అదే ఏడాది, ఇనేటోడూ చప్పుడు చేసేటిదీ రెండూ కదులుతుంటె లెక్క ఎట్లుంటదో రాసి అచ్చేయించిండు. 1847ల షెమ్నిట్జ్ గనుల అకాడమీకి పోయిండు, ఇప్పటి స్లొవేకియాల బాన్స్కా ష్టియావ్నిట్సా అంటరు దాన్ని. వెండి, బంగారం తవ్వే పట్నం. గనుల మీద నేల కుంగుడును ఇయ్యాల రాడార్ ఉపగ్రహాల తోటే కొలుస్తున్నరు. అక్కడ ఏడాది నిలబడకముందే 1848 తిరుగుబాట్లు యూరప్ అంత లేసినయ్. ఆయన వియన్నాకు తిరిగొచ్చిండు. ఎన్కట తనను సదువుకు పంపుమని తండ్రికి చెప్పిన స్టాంఫర్ సారు కుర్సీలనే పాలిటెక్నిక్‌ల కూసున్నడు. 1850ల వియన్నా యూనివర్సిటీల కొత్తగ పెట్టిన భౌతికశాస్త్ర సంస్థకు మొదటి డైరెక్టర్ అయిండు. కొలువు కోసం అమెరికా దిక్కు చూసినాయన పదిహేనేండ్లకు ఆ కాడికి వచ్చిండు.

అక్కడ ఆయన కాడ పాఠాలు ఇన్న పిల్లగాండ్లల్ల ఒక రైతు కొడుకున్నడు. సార్ల పరీక్ష ఫెయిలై మఠం వాళ్లు సదువుకు పంపితె వచ్చినోడు. గ్రెగర్ మెండెల్. బఠాణీ చెట్ల తోటి వారసత్వం లెక్క తేల్చిన మెండెలే.

మంచి దినాలు ఎక్కువ నిలవలేదు. 1852ల వియన్నా శాస్త్ర అకాడమీల జోసెఫ్ పెట్జ్‌వల్ అనే లెక్కల ప్రొఫెసర్ డాప్లర్ సూత్రం మీద పడ్డడు. గింత చిన్న లెక్కల నుంచి పెద్ద శాస్త్రం పుట్టదు అనేది ఆయన పట్టు. గాలి పారినంత మాత్రాన స్వరం మారదని సమీకరణాలు రాసి చూపెట్టిండు. ఆయన రాసింది తప్పేం కాదు, చప్పుడు చేసేటిదీ ఇనేటోడూ నిలబడి ఉండి నడుమ గాలి ఒక్కటే కదిలితె స్వరం మారదు. గని డాప్లర్ చెప్పింది గాలి గురించి కాదు, నడిచేటోళ్ల గురించి. ఇద్దరి ముచ్చట వేరు వేరు, పంచాయితి మాత్రం ఒకటే అయింది. పెట్జ్‌వల్ చిన్న మనిషేం కాదు. 1840ల ఆయన లెక్కగట్టిన కెమెరా కటకం తోటి మనుషుల ఫోటోలు తీసుడు సులువైంది. కెమెరా కంటికి లెక్క రాసినాయన, రాడార్ చెవికి లెక్క రాసినాయనను కొట్టేసిండన్నట్టు. ముసురు పట్టిన నాడు పెట్జ్‌వల్ కటకానికి మొగులు తప్ప ఇంకేం కనవడదు.

ఆ పంచాయితి నడుస్తుండగనే డాప్లర్ ఊపిరితిత్తులు పూర్తిగ కరాబైనయ్. 1852 నవంబర్‌ల, వెచ్చటి గాలికి పానం కుదుట పడ్తదేమోనని వెనిస్ పోయిండు. కుదుట పడలేదు. భార్య మథిల్డె వచ్చి కాడ ఉన్నది. 1853 మార్చి 17న పోయిండు. నలభై తొమ్మిదేండ్లు. నక్షత్రాల వెలుతురుల డాప్లర్ తేడాను కొలిచే ప్రయత్నం ఇంగ్లండ్‌ల విలియం హగ్గిన్స్ చేసి ఫలితం అచ్చేయించింది 1868ల. అప్పటికి పదిహేనేండ్లు గడిసినయ్.

డాప్లర్‌ను బొంద పెట్టింది వెనిస్ నీళ్ల నడుమ ఉన్న సాన్ మిషెల్ దీవిల. వెనిస్ పట్నం కొద్దికొద్దిగ కుంగుతున్నది. ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు. కంటికి ఆనని గా కుంగుడును కొలుస్తున్నది, మొగులున్నా చీకటున్నా మీదికెల్లి పోయే రాడార్ ఉపగ్రహాలే.